టైరుకూ అకాల మృత్యువుంది

టైరు పక్కగోడకు బుడిపె లేచి మా షాపుకొచ్చేవాళ్ళలో ఎక్కువమంది నోట మొదట వచ్చే మాట ఒకటే: "నా ఖర్మండీ!" విజయవాడ ఆటోనగర్‌లో లారీ టైర్ల రీట్రేడింగుతో మొదలుపెట్టి కంప్యూటర్ అలైన్‌మెంటు దాకా వచ్చినవాణ్ణి. రబ్బరు వాసనలాగే ఆ మాటా నాకు అలవాటైపోయింది. కానీ దాంతోపాటు ఒక సందేహం కూడా ముదురుతూ వచ్చింది. గుంతలో చక్రం పడితే అందులో ఖర్మ వాటా ఎంత? ఆ మాట ఎవరు, ఎవరి గురించి, ఎప్పుడు అనొచ్చు?

మొన్న వానాకాలంలో ఒక తండ్రీ కొడుకూ వచ్చారు. కొడుకు ఇంజనీరింగ్ కుర్రాడు. చిన్న కారుకి స్ప్రింగులు మార్పించి బాడీని కిందికి దింపించాడు. కంపెనీ వేసిన 185/65 ఆర్15 టైర్లు తీయించి 205/45 ఆర్17 వేయించాడు. ఎడమవైపు ముందు టైరు ఉబ్బింది, అల్లాయ్ అంచు వంగింది. "రోడ్డు అలా తగలడితే నేనేం చెయ్యను బాబాయ్, నా ఖర్మ" అన్నాడు కుర్రాడు. "రోడ్డునెందుకురా అనడం? చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత మహదేవ" అన్నాడు తండ్రి. ఇద్దరూ నమ్మింది ఒకే సిద్ధాంతాన్ని. కొడుకు దాన్ని తప్పుకోవడానికి వాడుకున్నాడు, తండ్రి తప్పు మోపడానికి వాడుకున్నాడు.

నేను ముందు టైరు విప్పి చూపించాను. 205కి 45 శాతమంటే పక్కగోడ ఎత్తు 92 మిల్లీమీటర్లు. పాత టైరుకి అది 120. అంటే రిమ్ముకీ రోడ్డుకీ నడుమ ఉండాల్సిన మెత్తదనంలో దాదాపు పావు వంతు పోయింది. పైన స్ప్రింగు పొట్టిదైంది కాబట్టి చక్రం పైకి లేవడానికి ఉండాల్సిన జాగా కూడా తగ్గింది. గుంత అంచు తగిలినప్పుడు ఆ దెబ్బలో చాలా భాగాన్ని స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ తీసుకోవాలి. కిందికి దింపిన బండిలో సస్పెన్షన్ తొందరగా చివరికంటా నొక్కుకుపోయి బంప్ స్టాపుకి కొట్టుకుంటుంది. ఇక మిగిలిన దెబ్బంతా టైరుదే. గుంత అంచుకీ రిమ్ముకీ మధ్య పక్కగోడ నలిగి లోపలి పాలియెస్టర్ దారాలు తెగుతాయి. పైన రబ్బరుకి గాటు కూడా కనపడదు. దారాలు తెగినచోట లోపలి గాలి రబ్బరుని బయటికి తోస్తుంది, అదే బుడిపె. ఒక్కోసారి అది అక్కడికక్కడ తేలదు, బండి కొన్నాళ్ళు తిరిగాక బయటపడుతుంది. దానికి ప్యాచీ లేదు, అతుకూ లేదు. ఎప్పుడు పేలుతుందో చెప్పలేం కాబట్టి టైరు మార్చాల్సిందే. దెబ్బ ఒకనాడు, ఫలం ఇంకొకనాడు. జనానికి ఖర్మ గుర్తుకు రావడానికి అదీ ఒక కారణమేమో.

ఇక గుంత సంగతి. తారు పగుళ్ళలోంచి దిగిన వాననీరు కింది కంకర పొరని మెత్తబరుస్తుంది. మీద లారీ చక్రం తొక్కినప్పుడల్లా ఆ నీటి ఒత్తిడికి తారూ కంకరా విడిపోతాయి. పైపు కోసమో కేబులు కోసమో తవ్వి, సరిగా దిమ్మిస కొట్టకుండా పూడ్చినచోట ఈ పని ఇంకా తొందరగా అవుతుంది. నీళ్ళు నిండాక దాని లోతు పైకి తెలియదు. కాబట్టి ఆ ఒక్క బుడిపె వెనక పొట్టి స్ప్రింగుంది, పక్కగోడ పొట్టిదైన టైరుంది, వేగముంది, వానుంది, తవ్వినవాడున్నాడు, పూడ్చినవాడున్నాడు, పూడ్చింది చూడకుండా బిల్లు పాస్ చేసినవాడు కూడా ఉండొచ్చు. ఇన్సూరెన్సు వాళ్ళకైనా ఈ పంపకం తెలుసు. మామూలు ప్యాకేజీ పాలసీలో టైరు ఒక్కటే పాడైతే పైసా రాదు, దాంతోపాటు బండి కూడా దెబ్బతింటే టైరు ఖర్చులో సగం ఇస్తారు. అంతా నీదే అనరు, అంతా మాదే అనీ అనరు.

మా పెదనాన్న ఆయుర్వేద వైద్యుడు. చరక సంహిత విమానస్థానంలో మూడో అధ్యాయం ఆయనకి ప్రాణం. ఆయన చెబుతుంటే విన్నాను, తర్వాత తాత్పర్యం పెట్టుకుని నేనూ చదువుకున్నాను. పాంచాల దేశంలో కాంపిల్యం దగ్గర, ఎండాకాలం చివర్లో, గంగ ఒడ్డున తిరుగుతూ ఆత్రేయుడు శిష్యుడు అగ్నివేశుడికి చెప్పిన పాఠమది. ఊళ్ళకి ఊళ్ళు ఒక్కసారే ఎందుకు నశిస్తాయి అన్నది అందులో ప్రధానమైన విషయం. మాటల్లో ఆయుష్షు దగ్గరికి వస్తారు. ప్రతివాడి ఆయువూ ముందే కొలిచిపెట్టి ఉంటుందా, అకాల మరణం అనేది నిజంగా ఉందా అని అగ్నివేశుడికి సందేహం.

ఆత్రేయుడు జవాబు చెప్పడానికి బండి ఇరుసుని ఎత్తుకుంటాడు. మంచి చెక్కతో చేసిన ఇరుసు, సరిగా వాడితే, తన అరుగుదల పూర్తయ్యాకే పోతుంది. అది కాలమరణం. అదే ఇరుసు బరువు ఎక్కువ వేసినా, ఎగుడుదిగుడు దారిన నడిపినా, దారే లేనిచోట నడిపినా, చక్రం విరిగినా, ఎద్దులోనో తోలేవాడిలోనో లోపమున్నా, చీల ఊడినా, కందెన వెయ్యకపోయినా, బండి తిరగబడినా నడుమనే విరుగుతుంది. అది అకాలమరణం. మనిషి ఆయువూ ఇంతే అంటాడు. ఆటోనగర్ మొత్తం ఆ జాబితాలో ఉంది. ఓవర్‌లోడు, గతుకుల రోడ్డు, డ్రైవరు, గ్రీజు, అన్నీ వచ్చాయి.

ఆత్రేయుడు కర్మని కాదన్నవాడేం కాదు. వెనకటి దేహంతో చేసింది దైవం, ఈ దేహంతో చేసేది పురుషకారం అని విడదీశాడు. ఏది బలమైనదైతే అది రెండోదాన్ని అణుస్తుందన్నాడు. కానీ అన్నీ ముందే రాసిపెట్టి ఉంటే మందులెందుకు, మంత్రాలెందుకు, మదమెక్కిన ఏనుగు ఎదురొస్తే పక్కకి తప్పుకోవడం ఎందుకు అని నిలదీశాడు. వైద్యుడు కాబట్టి ఆయనకి వేరే దారి లేదు. మంచం మీద ఉన్నవాడి ముందు నిలబడి "అంతా వెనకటిదే" అంటే ఇక తన వృత్తే లేదు. మా పనీ అంతే. టైరు విప్పకుండా ఖర్మ అనేసేవాడు షటరు దించుకోవచ్చు.

దీనికో పూర్వపక్షం ఉంది, అది గట్టిదే. "గుంత ఎలా పడిందో, టైరు ఎలా తెగిందో చెప్పావు, బాగుంది. ఆ గుంత పక్కనించి అంతమంది వెళ్ళారు కదా, నేనే ఎందుకు పడాలి? అక్కడే కదా ఖర్మ?" అని అడిగినవాళ్ళున్నారు. కారణాలు అది ఎలా జరిగిందో చెబుతాయి, నాకే ఎందుకు జరిగిందో చెప్పవు. ఈ బాధ నిజమైనది. దీన్ని తీర్చడానికే మనవాళ్ళు జన్మాంతరాల లెక్క రాశారని నాకు అనిపిస్తుంది. కాకపోతే చాలాసార్లు ఈ ప్రశ్నకీ మామూలు జవాబే దొరుకుతుంది. నీ వెనక వచ్చినవాడూ అదే గుంతలో పడ్డాడు, కానీ వాడి టైరు పక్కగోడ 120 మిల్లీమీటర్లు. మామూలు జవాబుండగా జన్మల దాకా వెళ్ళడం బద్ధకం. దొరకనప్పుడు వెళితే ఎవరూ తప్పు పట్టరు.

బుద్ధుణ్ణి కూడా ఇదే అడిగారు. సంయుత్త నికాయంలో మోళియ సీవకుడనే పరివ్రాజకుడు వచ్చి, మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వం చేసినదాని ఫలమేనని కొందరంటున్నారు, మీరేమంటారు అన్నాడు. బుద్ధుడు ఎనిమిది కారణాలు లెక్కపెట్టాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, మూడూ కలవడం, రుతువు మారడం, ఒంటిని సరిగా చూసుకోకపోవడం, బయటినుంచి తగిలిన దెబ్బ, కర్మఫలం. అంతా పూర్వకర్మే అనేవాళ్ళు తమకి తెలిసినదాన్నీ లోకానికి తెలిసినదాన్నీ దాటి మాట్లాడుతున్నారన్నాడు. కర్మని నమ్మే గురువే దానికి ఎనిమిదింట ఒక వాటా ఇచ్చాడు. వరసలో అది చివరిది. మిగతావి చూశాక దాని దగ్గరికి రమ్మని నేను అర్థం చేసుకున్నాను.

ఇప్పటిదాకా మాట్లాడింది టైరు గురించి. పదివేలతోనో పాతికవేలతోనో తీరే నష్టం గురించి. అదే గుంతలో కారు వెనక వస్తున్న మోటార్‌సైకిలు పడితే? ఆ మనిషి స్ప్రింగులు మార్పించలేదు, పక్కగోడ పొట్టి టైర్లు వేయించలేదు, సోకు కోసం ఏమీ చెయ్యలేదు. 2013 నుంచి 2017 దాకా గుంతల వల్ల జరిగిన ప్రమాదాల్లో 14,926 మంది చనిపోయారన్న లెక్క 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. వీళ్ళందరి గురించీ "ఎవరి ఖర్మకి ఎవరు కర్తలు" అని నిట్టూర్చి ఊరుకుంటే అందులో వైరాగ్యమేమీ లేదు. అది గుంత పూడ్చనివాడికి ఉచితంగా ఇచ్చిన క్షమాభిక్ష.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు గట్లకి గండ్లు పడి సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. ఒకే వీధిలో పుణ్యం చేసినవాడూ పాపం చేసినవాడూ, పసిపిల్లా ముసలమ్మా ఒకే లోతు నీళ్ళలో నిలబడ్డారు. ఊరంతా ఒకే ఖర్మ చేసుకుందా? అగ్నివేశుడు అడిగిందీ ఇలాంటిదే. వేరువేరు శరీరాలు, వేరువేరు తిండి, వేరువేరు వయసులు ఉన్నవాళ్ళు ఒకే సమయంలో ఒకే రోగంతో ఎలా పోతారు అని. గాలి, నీరు, నేల, కాలం అందరికీ ఉమ్మడి, అవి చెడితే అందరూ చెడతారని ఆత్రేయుడి జవాబు. అవి ఎందుకు చెడతాయంటే అధర్మం వల్ల, లేదా పూర్వం చేసిన చెడ్డపనుల వల్ల. ఈ రెండింటికీ పుట్టిల్లు ప్రజ్ఞాపరాధం, అంటే బుద్ధి దారి తప్పి చేసే పని. దేశానికీ నగరానికీ పల్లెకీ పెద్దలైనవాళ్ళు ధర్మం తప్పితే వాళ్ళని ఆశ్రయించుకున్నవాళ్ళు ఆ అధర్మాన్ని ఇంకా పెంచుతారని కూడా అన్నాడు. ఆ ఉమ్మడి జాబితాలో రోడ్డుని కలిపితే ఆత్రేయుడు అభ్యంతరం చెప్పడనుకుంటాను. దిమ్మిస కొట్టకుండా పూడ్చిన చేతిదీ ప్రజ్ఞాపరాధమే, గతుకుల ఊళ్ళో బండిని నేలకి దింపించిన కుర్రాడిదీ ప్రజ్ఞాపరాధమే. తేడా ఒక్కటే. కుర్రాడి తప్పుకి కుర్రాడే కట్టుకుంటాడు. ఉమ్మడి దారిలో జరిగిన తప్పుకి అటువైపు వెళ్ళిన ఎవరైనా కట్టాలి.

అందుకే కర్మ సిద్ధాంతం ఎవరికి వారు చెప్పుకోవడానికే అని నేను నిర్ణయించుకున్నాను. నా గురించి నేను అనుకుంటే అది నన్ను బాధ్యుణ్ణి చేస్తుంది, లేదా తీరని దుఃఖంలో కాస్త నిలబెడుతుంది. ఎదుటివాడి గురించి అంటే వాడి నొప్పి మీద తీర్పవుతుంది. రోడ్డు వెయ్యాల్సినవాడు అంటే తప్పించుకోవడం అవుతుంది. ఆ కుర్రాడి తండ్రి చెప్పిన సామెత నిజమే కావచ్చు, కానీ అది కుర్రాడు అనుకోవాల్సింది. కుర్రాడు రోడ్డు గురించి అన్నది కూడా నిజమే, అది తండ్రి ఒప్పుకోవాల్సింది.

ముంబైలో దాదారావు బిల్హోరే అనే కూరగాయల వ్యాపారి కొడుకుని 2015లో ఒక గుంత పొట్టన పెట్టుకుంది. ఖర్మ అనడానికి లోకంలో ఎవరికైనా హక్కుంటే ఆయనకి ఉంటుంది. ఆయన రాళ్ళూ మట్టీ తెచ్చి ఊళ్ళో గుంతలు పూడ్చడం మొదలుపెట్టాడు. మన హైదరాబాదులో రైల్వేలో పనిచేసి రిటైరైన కాట్నం గంగాధర తిలక్ భార్యతో కలిసి, కారులో తారూ కంకరా వేసుకుని తిరుగుతూ అదే పని చేస్తూ వచ్చారు. లోపల వాళ్ళు దైవాన్ని ఎంత నమ్ముతారో నేను చెప్పలేను. చేసింది మాత్రం పురుషకారం. ఇంకొకరికి దైవం కాబోయేదాన్ని ముందే పూడ్చేశారు. అయినా వాళ్ళని పొగిడి చేతులు దులుపుకుంటే పని చెయ్యాల్సినవాళ్ళకి మళ్ళీ క్షమాభిక్ష ఇచ్చినట్టే. పింఛను డబ్బుతో రోడ్లు బాగుచేసుకోవడం ధర్మం అనిపించుకోదు, ధర్మం తప్పినచోట పుట్టిన అవసరం అది.

ఇప్పుడు మా జాబ్ కార్డులో కారణం రాయడానికి ఒక గడి పెట్టాను. గాలి తక్కువ, సైజు మార్పు, స్ప్రింగు మార్పు, క్యాంబర్ తేడా, గుంత దెబ్బ, గుంత ఉన్న వీధి పేరు. కుర్రాడి కార్డులో సైజు మార్పూ స్ప్రింగు మార్పూ గుంత దెబ్బా మూడూ రాశాను. పాత స్ప్రింగులు మళ్ళీ వేయించుకోమని వాడికి చెప్పాను. ఆ గుంత ఫోటో తీసి ఫిర్యాదు పెట్టమని తండ్రికి చెప్పాను. ఇద్దరూ మొహం చిట్లించారు, ఎవరి వాటా వాళ్ళకి చేదే.

మా కార్డులో ఖర్మకి గడి లేదు. దాన్ని కొట్టిపారేసి కాదు, అది నేను నింపాల్సిన గడి కాదు కాబట్టి. నన్ను అడిగేవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. దెబ్బ తగిలినప్పుడు బుద్ధుడు లెక్కపెట్టినవాటిలో ముందు ఏడు కారణాలూ అడగండి. ఏడూ అయ్యాక కూడా ఏదో మిగిలిపోతే, ఆ దెబ్బ మీకే తగిలినదైతే, అప్పుడు ఎనిమిదోది అనుకోండి. దెబ్బ ఎదుటివాడిదైతే మాత్రం ఎనిమిదో దాని దాకా పోకండి, మళ్ళీ మొదటి ప్రశ్న దగ్గరికే రండి.