అడగందే చెప్పాలా?

మా కారుకి పద్నాలుగేళ్ళు. ఈ వయసులో పిల్లలకి మొటిమలొచ్చినట్టు కార్లకి వణుకొస్తుంది కాబోలు.

ఆ వణుకు మొదటిసారి తెలిసింది హైదరాబాదు నుంచి విజయవాడ వస్తూ, సూర్యాపేట దాటాక. 90లో పోతున్నాం. గేదెలు అడ్డమొస్తే మావారు బ్రేకు నొక్కారు. స్టీరింగు ఆయన చేతుల్లో జల్లెడలా ఊగిపోయింది. వేగం తగ్గేసరికి వణుకూ పోయింది. "రోడ్డు బాగాలేదు" అన్నారాయన. రోడ్డు అద్దంలా ఉంది. నేను మాట్లాడలేదు. ఇరవయ్యేళ్ళ కాపురంలో ఎప్పుడు మాట్లాడకూడదో ఆ మాత్రం తెలుసుకున్నాను.

తీరా ఊళ్ళోకొచ్చాక కారు ఎంత బుద్ధిమంతురాలనుకున్నారు! బందరు రోడ్డు రద్దీలో 40 దాటేదెప్పుడు? ఎన్నిసార్లు బ్రేకు వేసినా వణకదు. ఎదురింటి మాస్టారు ఎప్పట్నుంచో మా కారు కొంటానంటున్నారు. రిటైరైన మనిషి. హైదరాబాదులో ఉన్న కూతురికి ఏడో నెల. పురిటికి తెచ్చుకోవాలని ఆయన తాపత్రయం.

"మరి ఆ వణుకు సంగతి చెబుదామా?" అన్నాను.

"ఆయన నడిపి చూసుకుంటాడుగా! అడిగితే చెబుదాం. అడగందే ఎందుకు?" అన్నారు మావారు.

ఇది అబద్ధమంటారా? మీరే చెప్పండి. సంతలో ఎద్దుని కొనేవాడు పళ్ళు చూసుకుంటాడు, నడిపించి చూసుకుంటాడు. చూసుకోవడం కొనేవాడి పనే, కాదనను. కానీ మాస్టారు కారుని మా వీధి చివరిదాకా తిప్పి చూస్తారు. అక్కడ ఈ జబ్బు బయటపడదని మాకు తెలుసు, ఆయనకి తెలియదు. ఆయన చూడలేరని తెలిసి కూడా "చూసుకోమనండి" అంటే, అది మౌనమేనా?

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అసలు జబ్బేమిటో తేల్చుకుందామని మర్నాడు మావారిని ఆటోనగర్‌కి బయల్దేరదీశాను.

పెద్ద మేస్త్రీ మా డాక్టరుగారికన్నా ఓపికగా అడిగాడు. "బ్రేకు వేస్తేనే వణుకుతుందా, ఊరికే కూడానా?" వేస్తేనే. ఊరికే వణికితే ముందు చక్రాల బ్యాలెన్సు చూడాలిట. "స్టీరింగు ఊగుతుందా, సీటు అదురుతుందా?" స్టీరింగే. సీటూ నేలా అదిరితే వెనక డ్రమ్ముల మీద అనుమానం, స్టీరింగు ఊగితే ముందు డిస్కుల మీద అనుమానం. అనుమానం చాలదని చక్రాలు విప్పి, వదులైన కీళ్ళేమన్నా ఉన్నాయేమో ఊపి చూసి, మైక్రోమీటరుతో డిస్కు మందం చుట్టూ కొలిచాడు. ఒకచోటికీ ఇంకోచోటికీ తేడా మిల్లీమీటరులో వందో వంతులు మూడు. తలవెంట్రుక మందంలో సగం కూడా లేదు!

"వేడికి వంగిపోయిందా?" అన్నాను, తెలిసినట్టు.

"అందరూ అదే అంటారమ్మా. ఎవరో నట్లు ఒకవైపు ఎక్కువ బిగించారు. డిస్కు కాస్త వంకరగా కూర్చుంది. తిరిగినప్పుడల్లా ఒకేచోట ప్యాడుకి రాసుకుని, వేల కిలోమీటర్లకి అక్కడ అరిగిపోయింది."

ఆ తర్వాత అతనన్న మాటే ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "అమ్మేదానికైతే లేతు మీద పెట్టి గీకిస్తే చాలు. ఉంచుకునేదానికైతే కొత్తవి వెయ్యాలి." డిస్కు ఇప్పటికే కనీస మందం దగ్గరికొచ్చిందిట. ఇంకా గీకితే పల్చనై, తొందరగా వేడెక్కి, కొన్నాళ్ళకి మళ్ళీ వణుకుతుందిట. అంటే, ఆ కొన్నాళ్ళలో మా డబ్బు మాకొచ్చేస్తుంది.

అమ్మేదానికొక మరమ్మతు, ఉంచుకునేదానికొక మరమ్మతు! మనకొక బ్రేకు, మాస్టారి కూతురికొక బ్రేకు. ఇంతకన్నా తేటగా అబద్ధానికి అర్థం ఏ నిఘంటువులోనూ దొరకదేమో. నోటితో చెప్పనక్కర్లేదు, లేతు మీద కూడా చెప్పొచ్చు.

నేను మావారి మొహంలోకి చూశాను. ఆయన కాసేపు నేల చూపులు చూసి, "కొత్తవే వెయ్యండి. ప్యాడ్లు కూడా" అన్నారు. నట్లు ఈసారి ఎదురెదురుగా, సమంగా బిగించేదాకా పక్కనే నిలబడ్డారు.

ఇంటికొచ్చాక నేనడక్కుండానే పాత డిస్కులు పట్టుకుని ఎదురింటికెళ్ళి సంగతంతా చెప్పారు. మాస్టారు శ్రద్ధగా విని, రెండ్రోజులు ఆలోచించి, "మరోలా అనుకోకండి, పాత బండి మనకెందుకులెండి" అన్నారు. నిజం చెబితే బేరం కుదురుతుందని ఎవరన్నారు? డిస్కుల ఖర్చు మాకే మిగిలింది. కారూ మాకే మిగిలింది.

పురిటికి మాత్రం మా కారే వెళ్ళింది. మావారు నడిపారు. వచ్చేటప్పుడు వెనక సీట్లో ఆ పిల్ల నా భుజం మీద నిద్రపోతోంది. సూర్యాపేట దాటాక ఎవడో లారీవాడు అడ్డమొస్తే మావారు గట్టిగా బ్రేకు నొక్కారు. స్టీరింగు కదల్లేదు. పిల్ల లేవలేదు. మావారు అద్దంలోంచి నా వంక చూశారు.

నేను మాట్లాడలేదు.