అధికారమును గూర్చి క్రీస్తు బోధ



పరమేశ్వరు డొక్కడే, సత్య మెచ్చట నున్నను ఆయనదే. కావుననే రామమోహన రాయలవారు 1820వ సంవత్సరమున క్రీస్తు నీతిబోధలను సంకలించి ప్రకటించిరి. ఆ మార్గమున నేడు మన మొక ప్రశ్నమును విచారింతము: ఒకరిపై నొకరికి గల అధికార మెందులకు?

అశోక్‌నగరు వీథులలోను, చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయమునందును వేలకొలది యువజనులు ఉద్యోగ పరీక్షలకై చదువుచున్నారు. వారిలో కొందఱు రేపు తహశీలుదారులు, పోలీసు అధికారులు నగుదురు. వారి సంతకముకొఱకు పేదలు గుమ్మముకడ నిలువవలసివచ్చును. పరీక్షకు కావలసిన శాస్త్రములు నేర్పువారు కలరు. నిలిచినవానిని కూర్చుండుమను మర్యాద నెవరు నేర్పుదురు? ఉద్యోగము లేనివారికిని అధికారము లేకపోలేదు. వకీలునకు కక్షిదారునిపై, యజమానునకు పనిమనిషిపై, భర్తకు భార్యపై, గురువునకు శిష్యునిపై నది కలదు.

లోకరాజ్యములన్నియు నిత్తునన్నప్పుడు క్రీస్తు వానిని నిరాకరించెను. తమలో నెవరు గొప్పయని శిష్యులు వాదించుకొనగా, గొప్పవాడు కాగోరువాడు పరిచారకుడు కావలెననెను. అని యూరకుండక, మరణమునకు ముందటి రాత్రి నడుమునకు తువాలు కట్టుకొని వారి పాదములు కడిగెను. యెరికో మార్గమున అంధుడు మొఱపెట్టగా, నీకేమి కావలెనని ముందుగా నడిగెను. వాని యవసర మెల్లరకు కనబడుచునే యుండెను, అయినను అడిగెను. ఉపకారముపేర నెదుటివారి నోరు మూయు సంస్కర్తల కిది పాఠము. వితంతువునకు వివాహము చేయబూనువాడు ముం దామె యిష్టమును తెలిసికొనవలెను.

అట్లైన కాఠిన్యమునకు తావే లేదా యందురేమో. దేవాలయమున వర్తకము సాగించువారిని ఆయన వెళ్లగొట్టెను. కాని తన్ను కొట్టినవారిపై చేయెత్తలేదు. ఆయన కాఠిన్యము ధర్మముకొఱకు, స్వగౌరవముకొఱకు కాదు.

తుదకు, తాను వెడలిపోవుట శిష్యులకే మేలని చెప్పెను. ఇదియే గీటురాయి. మన ప్రభావమువలన నెదుటివాడు మనపై మఱింత యాధారపడెనా, తన కాళ్లపై నిలిచెనా?

దీనికి దృష్టాంతము నారాయణగూడలోనే కలదు. నిజాము రాజ్యమున ఉన్నతవిద్యకు ఉర్దూ ప్రధానమైయున్న కాలమున, 1928లో, న్యాయవాదియైన మాడపాటి హనుమంతరావుగారి పూనికచే నచ్చట తెలుగు బాలికల ఉన్నత పాఠశాల వెలసెను. ప్రభుత్వ గుర్తింపు దొరకకపోగా, దానిని కార్వే పండితుని మహిళా విశ్వవిద్యాలయమునకు అనుబంధించిరి. వారికి పలుకుబడి కలదు. దానిని తమచుట్టు గోడగా కట్టుకొనక, బాలికలు నడచుటకు బాటగా పఱచిరి. చదివిన బాలిక తన యుత్తరము తానే వ్రాసికొనును. పత్రమును చదివికాని సంతకము చేయదు. ఆమెకు వకీలుతోగూడ పని తగ్గును! వృత్తికి నష్టమైనను ధర్మమునకు లాభమే.

కావున నీ రాత్రి మన మాజ్ఞకు లోబడియుండు నొక్కరిని తలంచుకొందము. రేపు వారి కాజ్ఞ నిచ్చుటకుముందు, వారికేమి కావలెనో యడుగుదము. ప్రత్యుత్తరము పూర్తియగువఱకు విందము.

సర్వాంతర్యామీ! నీ వొసగిన శక్తి నితరుల మెడపై కాడిగా కాక, చేతికి ఊతగా నుంచు బుద్ధిని మా కనుగ్రహింపుము.

ఓం శాంతిః శాంతిః శాంతిః