ఇచ్చినోళ్లకి ఎందుకిచ్చారు?

మాది ఊరికి తూర్పున వుండే మాదిగపల్లె. మా వంశంలో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. ఇవ్వాళ గవర్నమెంటు బళ్లో లెక్కలు చెప్పుకుని బతుకుతున్నాను. పల్లెలో ఎవరికి కాయితమొచ్చినా చదివి చెప్పమని నా దగ్గరకే తెస్తారు. వచ్చిన కాయితం చదివిపెట్టటం తేలిక. రాని కాయితం ఎందుకు రాలేదో చెప్పటమే కష్టం.

రెండేళ్ల కిందట మా చిన్నమ్మ తాటాకిల్లు పీకేసి రెండు గదుల స్లాబు వేసుకుందామనుకుంది. పంచాయతీలో అర్జీ పెట్టింది. "హక్కు పత్రం లేదు, కుదరదు" అన్నారు. నోటితోనే అన్నారు, రాసియ్యలేదు. ఆమె దగ్గరున్నవల్లా మా తాత పేరున కట్టిన ఇంటిపన్ను రసీదులు. అవీ చెదలు తినగా మిగిలినవి.

అదే నెలలో నేను జీతం మీద అప్పు తీసి కొన్న జాగాలో ఇంటికి ప్లాను పెట్టాను. నాలుగో రోజుకి అనుమతి చేతికొచ్చింది. "టీ తాగి వెళ్లండి సార్" అన్నారు కూడా. నడిబజార్లో ఒక ఆసామి పాతింటి మీద అంతస్తు లేపటానికి పెట్టుకున్నదీ ఆ వారంలోనే పాసైంది.

చిన్నమ్మ నన్ను కూచోబెట్టి అడిగింది. "నాకెందుకియ్యలేదో చెప్పారులే అబ్బయ్యా. కాయితం లేదంట. మరి బజార్లో ఆయనకి ఏ కాయితముందని ఇచ్చారు? అది చెప్పు నాకు."

చెప్పలేకపోయాను. ఆసామి ఇల్లూ గ్రామకంఠమే, చిన్నమ్మ ఇల్లూ గ్రామకంఠమే. గ్రామకంఠమంటే ఊరు కాపురమున్న నేల. సర్వే లెక్కల్లో అదంతా ఒకే ముద్ద. ఏ ఇంటి జాగా ఎవరిదో విడివిడిగా పేర్లుండవు. తరాల తరబడి వున్నోడి దగ్గర కూడా పట్టా వుండదు. ఈ చిక్కు తీర్చటానికే కేంద్రం 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకం మొదలుపెట్టింది, డ్రోన్లతో కొలిచి కార్డులిస్తామని. అంటే కాయితం లేకపోవటం మా పల్లె ఒక్కదాని లోపం కాదు, ఊరు మొత్తానిది. లేని కాయితం మాకు అడ్డమైంది. ఆయనకి కాలేదు.

ఆఫీసుకి పోయి అదే మాట అడిగాను. అక్కడి ఉద్యోగి నవ్వాడు. "ఇయ్యనిదానికి కారణం అడగొచ్చు సార్. ఇచ్చినదానికి కారణమెందుకు?" అన్నాడు. మంచోడే. ఆ మాటలో దురుద్దేశం లేదు. అందుకే అది నన్ను చాన్నాళ్లు వదల్లేదు.

చట్టం కారణాల సంగతి పట్టించుకోలేదని కాదు. 1990లో ఎస్.ఎన్. ముఖర్జీ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, న్యాయం తేల్చేలాంటి అధికారం చేతిలో వున్న అధికారి కారణాలు రాయాలని చెప్పింది. 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(డి), నిర్ణయం ఎవరికి తగులుతుందో వాళ్లకి కారణాలు చెప్పాలంటుంది. మరి ఆసామికిచ్చిన అనుమతి ఎవరికి తగిలింది? ఆఫీసు లెక్కలో ఎవరికీ తగల్లేదు. ఇచ్చినోళ్లూ సంతోషమే, పుచ్చుకున్నోళ్లూ సంతోషమే.

నేనంటాను, తగిలింది చిన్నమ్మకే. "కాయితం లేదు" అన్న మాటని ఒంటరిగా చూస్తే న్యాయంగానే వుంటుంది. కాయితం లేని ఇంకొకడికి ఇచ్చినదాన్ని పక్కన పెట్టినప్పుడే దాని రంగు బయటపడుతుంది. ఈ కాలంలో కులం "కాదు" అనే మాటలో దాక్కోదు, అక్కడ దొరికిపోతుంది. "సరే" అనే మాటలో హాయిగా కాపురముంటుంది. మా బళ్లో పిల్లలు జవాబొక్కటే రాస్తే నేను పూర్తి మార్కులు వెయ్యను. మెట్లు చూపించమంటాను. జవాబు సరిపోయినోడి లెక్క చూడక్కర్లేదనుకుంటే, పక్కోడిది చూసి రాసినోడు ఎప్పటికీ దొరకడు.

ఈ మాట మా పల్లెలోనే చదువుకున్న ఒక తమ్ముడితో అన్నాను. వాడు అడ్డం తిరిగాడు. "అన్నా, తీగ లాగితే డొంక ముందు మనమీదే పడుద్ది. మన ఇళ్లకి చుట్టూ వదిలే ఖాళీ ఎక్కడుంది? చూసీచూడనట్టు పోనిస్తున్నారు కాబట్టి బతుకుతున్నాం."

అది తేలిగ్గా తోసెయ్యగలిగిన మాట కాదు. మాకు సెంటు, సెంటున్నర జాగాలు. రూలు రూలుగా కొలిస్తే ముందు కూలేవి మా గోడలే. చాన్నాళ్లు ఆలోచించాను. చివరికి నాకు తోచిందిది: కనికరం చూపించినా కారణం రాసే చూపించాలి. "జాగా చిన్నది, తరాలుగా కాపురముంటున్నారు, అందుకని సడలించాం" అని ఒకరికి రాస్తే, రేపు అలాంటి జాగా వున్న ఇంకొకరు ఆ కాయితం పట్టుకుని అడగొచ్చు. రాయని కనికరం పుచ్చుకున్నోడితోనే ఆగిపోతుంది. పైగా వాణ్ణి జీవితాంతం తలొంచుకునేట్టు చేస్తుంది. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్, ఊరిని కాకుండా మనిషిని ప్రాతిపదికగా తీసుకున్నందుకు సంతోషమన్నాడు. 73వ సవరణ 1993లో అమల్లోకొచ్చింది, పంచాయతీలకు రాజ్యాంగ హోదా వచ్చింది. ఊరి చేతికి అధికారం రావటం మంచిదే. కాని ఆ ఊరు కారణం చెప్పకపోతే మనిషి మళ్లీ ఊరి దయమీదే బతకాలి.

తమ్ముడి మాటలో ఇంకో ముల్లుంది. అది నాకే గుచ్చుకుంది. నా ప్లానులో తూర్పున వదులుతానన్న ఖాళీలో నేను సగమే వదిలాను. ఎవరూ వచ్చి కొలవలేదు. నా దగ్గర రిజిస్ట్రేషన్ కాయితముంది, నిజమే. కాని నాలుగు రోజుల్లో రావటానికి కారణం ఆ కాయితం కాదు, "సారు" అనే పిలుపు. ఆసామికి ఇంటిపేరు పని చేసింది. నాకు ఉద్యోగం పని చేసింది. ఇద్దరం ఒకే గుమ్మంలోంచి లోపలికి పోయాం. చిన్నమ్మ బయట నిలబడింది.

సమాచార హక్కు కింద దరఖాస్తు రాశాను. గ్రామ స్థాయి ఆఫీసుకి దానికి రుసుం కూడా లేదు. ఆ ఏడాది ఇచ్చిన ఇంటి అనుమతులన్నిటి నకళ్లు, వాటిమీద రాసిన కారణాలు ఇమ్మన్నాను. జాబితాలో మొదటి పేరు నాదే రాశాను. నా ఇంట్లో వాళ్లకి నచ్చలేదు. నాకూ భయం లేకపోలేదు. ఆ సగం ఖాళీకి రేపు నోటీసు వస్తే జవాబు చెప్పుకోవాల్సింది నేనే.

30 రోజుల గడువులోపే నకళ్లొచ్చాయి. ఎక్కువ వాటిమీద సంతకం, తేదీ తప్ప ఏమీ లేదు. నా దానిమీదా లేదు. చిన్నమ్మకి చదివి వినిపించాను.

"అయితే వాళ్ల దగ్గరా కాయితం లేదన్నమాట" అంది.

ఆసామి అనుమతి నకలు జతచేసి ఆమె అర్జీ మళ్లీ పెట్టాం. ఈసారి ఇచ్చినా ఇయ్యకపోయినా కారణం రాసియ్యమని అడిగాం. స్లాబు ఇంకా పడలేదు. చిన్నమ్మ మాత్రం ఇప్పుడు ఆఫీసుకి పోయినప్పుడు అరుగు కింద నిలబడటం లేదు. లోపలికి పోయి, రాసిన కారణం ఏదని అడుగుతోంది.