ఎవరి పొగ? ఎవరి భారము?

గలతీయులకు వ్రాయబడిన పత్రిక ఆరవ అధ్యాయమును చదువువారికి రెండవ వచనమును ఐదవ వచనమును ఒకదానితో నొకటి పొసగనట్లు తోచును. ఒకచోట అపొస్తలుడు విశ్వాసులను పరస్పరము బరువులు పంచుకొనుడని హెచ్చరించును. మరి కొన్ని మాటలలోనే, ఎవని మూట వాడే మోయవలసి యుండునని చెప్పును. గ్రీకు మూలములో ఈ రెండు చోట్లను వాడబడిన పదములు వేరు. మొదటిది మనుష్యుని క్రుంగదీయు పెనుభారము. రెండవది బాటసారి తన భుజమున వేసికొని నడువదగిన మూట. ఈ భేదము నేటి యొక చిక్కుప్రశ్నకు మిక్కిలి అవసరమైనది. ధనిక దేశములు ఆకాశమున నింపిన బొగ్గుపులుసు వాయువును తగ్గించు పని పల్లెలలోని పేదల పొయ్యిల యొద్ద జరుగుట న్యాయమా?

ఈ ప్రశ్న ఊహామాత్రమైనది కాదు. కర్ణాటక రాష్ట్రమున, చిక్కబళ్ళాపురము జిల్లాలో, ఆంధ్ర సరిహద్దు నానుకొని బాగేపల్లి తాలూకా ఉన్నది. అది వానలు తక్కువైన మెట్టనేల; ఇండ్లలో వినబడు భాష చాలవరకు తెలుగే. అచ్చటి చిన్నరైతులును కూలీలును తమ కూలీ సంఘము ద్వారా 5,500 ఇండ్లకు రెండేసి ఘనపు మీటర్ల గోబర్ గ్యాసు తొట్లు కట్టుకొను ప్రణాళిక ఒకటి, 1997 నాటి క్యోటో ఒడంబడిక నియమముల క్రింద 2005లో నమోదు చేయబడినది. అందువలన ఏటేట సుమారు 19,500 టన్నుల వాయువు తగ్గునని లెక్క కట్టిరి; అనగా ఇంటికి మూడున్నర టన్నులు. తగ్గిన ప్రతి టన్నుకు ఒక పత్రము. ఆ పత్రమును దూరదేశమున పొగ విడుచువాడు కొని, తన లెక్కలో జమ వేసికొనవచ్చును.

తొట్టి పని తీరు సులభమైనదే గాని, అది దానంతట అది నడుచునది కాదు. దినమునకు ఏబది కిలోల పేడ కావలెను. అంతే నీరు పోసి కలుపవలెను. మూడు నాలుగు పశువులున్న ఇంటికే ఇది సాధ్యము. భూమిలో ఇటుకలతో గుమ్మటమువలె కట్టు దీనబంధు నమూనాను 1984లో రూపొందించినది, క్రైస్తవ సంఘముల చొరవతో 1966లో నెలకొల్పబడిన ఆఫ్‌ప్రో సంస్థ. ఆ పేరు వినగానే సి.ఎఫ్. ఆండ్రూస్ గారు జ్ఞప్తికి వచ్చుట సహజము. పేడ కలుపువారెవరు? సాధారణముగా ఇంటి ఇల్లాలే. అయితే కంపకొట్టి మోపులు మోసితెచ్చు శ్రమ ఆమెకు తగ్గును. పొగతో కండ్లు మండవు. ఇండ్లలోని పొగ మూలముగా 2020లో లోకమంతట 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. తొట్టి నుండి వెడలిన మడ్డి చేనికి మంచి ఎరువు. వాతావరణ మను మాట పుట్టకపోయినను, ఇది చేయదగిన పనియే.

అయినను ప్రొటెస్టెంటు విశ్వాసికి ఇక్కడ ఒక పాత జ్ఞాపకము ముల్లువలె గ్రుచ్చుకొనక మానదు. 1517లో విట్టెన్‌బర్గులో మార్టిన్ లూథరు తన తొంబదియైదు సిద్ధాంతములను ప్రకటించినది పాపపరిహార పత్రముల విక్రయమును గూర్చియే. డబ్బు చెల్లించినవాడు మారుమనస్సు పొందకయే నెమ్మదిగా నిద్రపోవుటయే ఆ వర్తకములోని విషము. ఈనాటి కర్బన పత్రము దాని తోబుట్టువు కాదా అని అడుగువారు కలరు. వారి మాట త్రోసివేయదగినది కాదు. అమెరికాలో మనిషి తలకు సుమారు 14 టన్నులు ఏటా విడుచుచుండగా, మన దేశమున తల యొక్కింటికి రెండు టన్నులు. కూలివాని వంతు అందులోను స్వల్పము. అట్టివాని వంటయింటిలో మిగిలిన టన్నులతో విమానయాత్రికుని లెక్క సరిచేయుట వినుటకే ఎబ్బెట్టుగా నుండును.

కాని పోలిక పూర్తిగా కుదురదు. లూథరు నాటి పత్రము వలన పొరుగువానికి కలిగిన మేలేమియు లేదు. ఇక్కడ ఒక ఇంటిలో పొగ నిజముగా ఆగినది. ఆకాశము అందరికిని ఒక్కటే గనుక, బాగేపల్లిలో తగ్గిన టన్నును ఆమ్‌స్టర్‌డాములో తగ్గిన టన్నును దానికి సమానమే. పారిశ్రామిక యుగమునకు ముందు గాలిలో పదిలక్షల పాళ్ళకు 280 పాళ్ళున్న ఈ వాయువు నేడు 420 దాటినది. అంతటి పేరుకొనిన బరువును ఏ యొక్క ఊరును, ఏ యొక్క దేశమును ఎత్తజాలదు. అది అపొస్తలుడు చెప్పిన మొదటి బరువు, పంచుకొని మోయవలసినది. ధనికుని సొమ్ము పల్లెకు వచ్చుట భిక్షము కాదు, ఆ మోతలో అతని పాలు. అయితే అతని సొంత పొగగొట్టము రెండవ తరగతిలోనిది. దానిని కూలి యిచ్చి మరియొకని తలపై పెట్టింప వీలులేదు. పత్రము కొనుట మొదటిదానికి సహాయమైనంతవరకు మంచిది. రెండవదానికి బదులైన క్షణమున అది టెట్జెల్ గారి పెట్టెలోని నాణెమే.

పల్లెకును తన మూట కలదు. తొట్టిని దినదినము నింపుట, గొట్టము పగిలిన బాగుచేయుట, గ్యాసు ఊరక బయటికి పోకుండ చూచుకొనుట. ఈ చివరిది చిన్న సంగతి కాదు. తొట్టిలో పుట్టు మీథేను మండకుండ తప్పించుకొన్నచో, నూరేండ్ల లెక్కలో బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 28 రెట్లు వేడిని పట్టి యుంచును. ఇట్టి పనులకు దూరదేశపు పరిశీలకుడు చాలడు. ఊరిలోనే తెలిసిన మేస్త్రీ, లెక్క వ్రాయు ఒక చెయ్యి, తప్పు జరిగినప్పుడు చెప్పుకొనుటకు ఒక సంఘము కావలెను. స్థానిక భాగస్వామ్యమను పెద్దమాటకు అర్థము ఇంతకంటె వేరు లేదు.

ఈ యేర్పాటు నిజముగా పరీక్షకు నిలుచు చోట్లు రెండు. పశువులు లేని ఇంటికి తొట్టి లేదు. తొట్టి లేనిచో పత్రము లేదు, దాని సొమ్మును లేదు. పల్లెలలోని క్రైస్తవ సంఘములలో భూమి గాని గొడ్డు గాని లేని కుటుంబములు ఎన్ని యున్నవో కాపరులకు చెప్ప నక్కరలేదు. అందరికంటె తక్కువ పొగ విడిచిన వారే ఈ పంపకములో బయట నిలిచినయెడల, కనీసము కట్టెలు తక్కువ కాల్చు మంచి పొయ్యి వారికి మొదట చేరవలెను.

రెండవది కరువు. మెట్టనేలలో వాన తప్పిన యేట ముందుగా అమ్ముడుపోవునది గొడ్డే. ఆ దినము నుండి తొట్టి ఎండును, ఇల్లాలు మరల కంపకు పోవును, నిన్నటివరకు ఆమె మోయగలిగిన మూట ఆమెను క్రుంగదీయు బరువగును. కొనువారి మనసును స్థిరమైనది కాదు. 2008 ప్రాంతమున పది యూరోలు దాటిన టన్ను పత్రము వెల 2012 చివరకు ఒక్క యూరోకు లోపల పడినది. కనుక ఇట్టి ఒడంబడికలలో సంతకము పెట్టు సంఘపు పెద్దలు అడుగదగిన మొదటి ప్రశ్న టన్ను వెల యెంత యని కాదు. గొడ్డును అమ్ముకొనిన యేట ఆ ఇంటివారు అప్పుపడకుండ ఎవరు చెల్లింతురు, మరల గొడ్డును కొనుటకు నిధి ఎక్కడ నుంచబడినది అని. ఆ మాట కాగితముమీద వ్రాయబడువరకు వ్రేలిముద్ర వేయనవసరము లేదు.