ముందు చెయ్యి తిరగనీ

అమ్మాయీ,

వసంత పంచమి నాడు కలకత్తా సాల్ట్ లేక్‌లో మీ బ్లాకు పూజ పందిట్లోనే చంటిదానికి హాతేఖొడి, అదే మన అక్షరాభ్యాసం, చేయించామన్నావు. చాలా సంతోషం. మనం పళ్లెంలో బియ్యం పోసి దిద్దిస్తాం, బెంగాలీలు పలక మీద సుద్దముక్కతో దిద్దిస్తారు. ఎలా దిద్దినా చదువులతల్లి చల్లగా చూస్తుంది. అయితే మర్నాటి నుంచే కాపీ పుస్తకం ముందేసి రోజుకో పేజీ నింపమంటున్నావట. అంత తొందరెందుకే?

దానికింకా మూడున్నరేళ్లు. మణికట్టులో ఉండే ఎనిమిది చిన్న ఎముకల్లో కొన్ని ఆ వయసుకి ఇంకా గట్టిపడవు. పెన్సిలు గుప్పిట్లో బిగించి పట్టుకుంటోందంటే అది మొండితనం కాదు, వేళ్లకింకా సత్తువ రాలేదు. సాధారణంగా మూడేళ్లకి సున్నా చుడతారు, నాలుగేళ్లకి నిలువూ అడ్డం కలిపి గీస్తారు. ఏటవాలు గీతలతో త్రికోణం గీయాలంటే ఐదేళ్లు రావాల్సిందే. బెంగాలీ ‘బ’ త్రికోణమే కదా! అది వంకరపోతోందని పిల్లను కసరకు.

ముందు వేళ్లకు పని చెప్పు. ఇప్పుడు బఠాణీల కాలం, పక్కన కూర్చోబెట్టుకుని ఒలిపించు. చపాతీ పిండి ఓ ముద్ద చేతికివ్వు. బాల్కనీలో ముగ్గు వేయనీ. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి పట్టుకుని జారవిడిచే వేళ్లకు పెన్సిలు పట్టడం తేలిక. చుక్కల చుట్టూ మెలికలు తిప్పడం అలవాటైతే మన గుండ్రటి అక్షరాలకు జంకదు. పెన్సిలు బదులు పొట్టి సుద్దముక్క ఇవ్వు, గుప్పిట బిగించడానికి చోటుండదు. ఎడమచేత్తో రాస్తే రాయనీ, చెయ్యి మార్పించకు.

అక్షరాలు పుస్తకంలోనే ఉండవు. 1855లో ‘వర్ణపరిచయ్’ రాసి బెంగాలీ పిల్లలకు అక్షరాలు నేర్పిన ఈశ్వరచంద్ర విద్యాసాగర్ ఏం చేశాడో తెలుసా? ఎనిమిదేళ్లప్పుడు తండ్రితో వీర్‌సింఘా నుంచి కలకత్తాకు నడిచొస్తూ, దారిపక్కన సన్నికల్లు పాతారేమిటని అడిగాడట. అది మైలురాయని తండ్రి చెప్పాడు. ఇక రాయి రాయికీ ఆగి చూసుకుంటూ, దారిలోనే ఇంగ్లీషు అంకెలన్నీ పట్టేశాడు. మీ పేటలో బ్లాకుల పేర్లే అక్షరాలాయె: ఏఈ, బీజే, ఎఫ్‌డీ! సెంట్రల్ పార్కుకు వెళ్లేటప్పుడు బోర్డుల దగ్గర ఆగి చూపించు. గాల్లో వేలితో రాయమను.

ఇంకొక్క మాట. అది గీసిన పిచ్చిగీతలు దిద్దకు. “ఏం రాశావు తల్లీ?” అని అడుగు. అది చెప్పింది చెప్పినట్టు కింద తెలుగులో రాసి నాకు పంపు. నేను చదివి ఫోన్లో దానికే జవాబు చెబుతాను. తను రాసింది అమ్మమ్మ చదువుతోందని తెలిస్తే, కాపీ పుస్తకం అదే అడుగుతుంది. అప్పుడివ్వు.

ఉంటాను,
మీ అమ్మ