కన్నీరు సాక్ష్యమగునా?

మంచి పనికొఱకు చెప్పిన మాట యెల్లప్పుడును మంచి మాటయే యగునా? లోకము పూజించు మహనీయుడు హృదయము ద్రవింప బలికినంత మాత్రమున నా పలుకు ప్రమాణమగునా? సంస్కారాభిమానులమైన మనము పరులను గాక మనలనే యీ ప్రశ్న మడుగుకొనవలసియున్నది.

1934వ సంవత్సరము జనవరి 15వ తేదీన బీహారునందును నేపాళమునందును ఘోరమైన భూకంపము సంభవించెను. ముంగేరు పట్టణము నేలమట్టమయ్యెను. పదివేలకు మించిన ప్రాణములు పోయెను. అప్పుడు గాంధీమహాత్ములు అస్పృశ్యతానివారణమునకై దేశసంచారము చేయుచుండిరి. కొలది దినములకు ముందే మన యాంధ్రదేశమునందును సంచరించియుండిరి. తిరునల్వేలిలో వారు, అస్పృశ్యత యను మన పాపమునకు దైవము విధించిన శిక్షయే యీ యుపద్రవమని చెప్పిరి.

రవీంద్రనాథ ఠాగూరుగారు అస్పృశ్యతను నిరసించుటలో నెవ్వరికిని దీసిపోయినవారు కారు. అయినను వారు బహిరంగముగా నాక్షేపించిరి. ప్రకృతిలోని యుత్పాతములకు బ్రకృతియందే కారణములు వెదకవలెననియు, ఇట్టి వాదము పూర్వాచారపరులకే యెక్కువగా నుపకరించుననియు వారి తాత్పర్యము. నిజమే. అంటరానితనమువలన భూమి కంపించెనని మనమన్నచో, హరిజనులను దేవాలయములలో బ్రవేశపెట్టజూచుటవలన గంపించెనని యెదుటివా రందురు. వారి నేమని ఖండింపగలము? తప్పుతూకపు రాతితో దూచునప్పుడు సరకు మనదైన నేమి, వారిదైన నేమి?

భారతభూఖండము హిమాలయముల క్రిందికి జొచ్చుకొనిపోవుటవలన గలుగు నొత్తిడియే యిట్టి కంపములకు గారణమని నేడు శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఆ యొత్తిడి కులమెఱుగదు. కూలిన గోడలక్రింద బడినవారిలో పసిబిడ్డలు లేరా? అంటరానివారనబడినవారు లేరా? పాపము చేసినవారికిని, ఆ పాపమువలన బాధపడినవారికిని నొక్కటే శిక్ష యనుట న్యాయమా?

అట్లని యావేశమును వాదమునుండి వెలివేయుదమా? కూడదు. సాటిమనిషిని దూరముగా నిలుపుట దుస్సహమని తెలిసికొనుటకు హృదయము కావలెను. అది “ఇది తగదు” అని చెప్పగలదు. “ఇది దీనివలన గలిగినది” అని మాత్రము చెప్పజాలదు. అది పరీక్షించి తేల్చవలసిన విషయము. సామాన్యుని మాటను మనము పరీక్షింతుము; పెద్దల మాటను పరీక్షింపకయే నమ్ముదుము. ఆ నమ్మకము వారియొద్ద మనము దాచుకొన్న సొమ్ము వంటిది. దానిని వ్యయపెట్టుటలో వారికి మఱింత జాగరూకత యావశ్యకము.

గాంధీగారు తమ యభిప్రాయమును విడువలేదు. కాని ఠాగూరుగారి యాక్షేపణమును దమ “హరిజన్” పత్రికయందే ప్రకటించి, ఆ ఫిబ్రవరిలోనే ప్రత్యుత్తరము వ్రాసిరి. వారి వాదము పొరపాటని తలచు మేము నీ నడవడికి నమస్కరించుచున్నాము. తన్ను గాదను మాటకు దన యింటనే పీట వేయువాడు నమ్మదగినవాడు.

నేడు టెలివిజను చర్చలలో గొంతు వణకునప్పుడెల్ల మన కన్నులును జెమర్చుచున్నవి. చెమర్చనిండు. కాని మనవాడనుకొన్నవాడు పలికినప్పుడు కన్ను తుడుచుకొని యొక్క ప్రశ్న వేసికొందము: ఈ యుక్తినే మన ప్రత్యర్థి చెప్పియుండిన నంగీకరించియుందుమా?