ఇరుసు

బోధను ప్రాంతమున చెఱకు బండి తోలి బ్రదికినవారిలో మా పెద్దబాపు ఒకడు. మంజీరపై నిజాంసాగరపు కట్ట 1923లో మొదలై 1931లో ముగిసి, దాని కాలువనీటితో ఈ నేలపై చెఱకు ఏపుగా పెరిగి, 1937లో బోధనున నిజాం చక్కెర కర్మాగారము వెలసి, దాని చుట్టు ఏర్పడిన వాడకు శక్కర్‌నగర్ అను పేరు స్థిరపడిన వృత్తాంతమును నేను పుస్తకములలో చదువుకొంటిని. ఆయన మాత్రము దానిని కర్మాగారపు ద్వారము ముందు బారులు తీరిన బండ్ల నడుమ, ఎడ్లకు మేత వేయుచు, తన వంతు వచ్చుదాక తెల్లవార్లు మేలుకొని తెలిసికొన్నవాడు. డెబ్బదియేండ్లు దాటిన పిదప ఒకనాటి సాయంకాలము ఆయన నిజామాబాదు నుండి వచ్చిన బస్సు దిగి నడచి వచ్చి అరుగుపై కూర్చుండగా, కోడలు గచ్చుమీద వరుసగా పడిన ఎఱ్ఱని ముద్రలను చూచి కేక వేసినది. చెప్పు అట్టను చీల్చుకొని లోనికి దిగిన మేకు ఒకటి ఆయన అరికాలిలో నాటియుండెను. దానితోనే ఆయన బస్టాండు నుండి ఇల్లు చేరినాడు.

"నొప్పి పుట్టలేదా పెద్దబాపూ?" అని అడిగితిని.

"ఏం నొప్పి లేదు బిడ్డా. చెప్పు జర బరువైనట్టు కొట్టింది, గంతే" అనెను.

మఱునాడు దవాఖానలో ఒక నర్సమ్మ ఆయనను కన్నులు మూసికొమ్మని చెప్పి, సన్నని నైలాను పోగును ఒక పుల్లకు బిగించిన సాధనముతో పాదమున అక్కడక్కడ తాకుచు, తెలిసినప్పుడెల్ల చెప్పుమన్నది. బొటనవ్రేలి అడుగున తాకినది, మడమకు పైన తాకినది, వ్రేళ్ల మొదళ్లలో తాకినది. ఆయన కదలక మెదలక కూర్చుండి, కొంతసేపటికి "ఇంకా మొదలువెట్టలేదా బిడ్డా?" అని అడిగెను. ఆమె అప్పటికి పదిమార్లు తాకి యుండెను. ఆమె చేయి ఒక్క క్షణము గాలిలో నిలిచిపోవుటను నేను చూచితిని.

ఆయనకు షుగరు వచ్చి పదియేండ్లైనది. ఒంట్లో బాగులేనప్పుడు గోలి వేసికొని, బాగున్నదనిపించినప్పుడు మానివేసెడివాడు. ఆ పదియేండ్లలో గోలీలు వ్రాసియిచ్చినవారు పలువురు గలరు గాని, పాదము చూపుమన్నవారు ఒక్కరును లేకపోయిరి. ఇంటికి వచ్చు త్రోవలో ఆయన ఆటోలో నాతో, "ఏ జన్మల ఏం పాపం జేసిననో, గిప్పుడు అనుభవిస్తున్న" అనెను. ఆ మాట నన్ను విడువలేదు.

ఈ మాట ఆయన యొక్కనిది కాదు. నిజామాబాదు పెద్ద దవాఖాన వసారాలలోను, కంఠేశ్వరాలయపు మెట్లపైనను, వర్ని దరి బడా పహాడ్ దర్గాకు ఎక్కు జనములోను, ఎవరిని కదపినను ఇదే ప్రశ్న వెలువడును: నాకే ఎందుకు? రోగికి ఔషధముకంటె ముందు కావలసినది ఈ ప్రశ్నకు సమాధానమని నేను నమ్మెదను. ఏలయన దీనికి తప్పుడు సమాధానము దొరకినవాడు ఔషధమును సగము మనసుతోనే పుచ్చుకొనును.

పూర్వజన్మమందలి పాపమే ఈ జన్మమున వ్యాధియై పీడించునను అర్థము గల శ్లోకమొకటి మన పెద్దల నోళ్లలో నానుచున్నది. దాని పూర్వార్ధమును ఎఱుగనివారు లేరు. ఉత్తరార్ధమును తలచువారు అరుదు. ఆ పాపము శమించుటకు చేయవలసిన పనులను ఆ శ్లోకకర్త వరుసగా చెప్పుచు, దానమునకును, జపమునకును, హోమమునకును, దేవతార్చనమునకును ముందు ఔషధమును నిలిపినాడు. ఛందస్సుకొఱకు అట్లు కూర్చెనని ఎవరైనను అనవచ్చును. కాని నాకు అందులో ఒక వివేకము కన్పట్టుచున్నది. వ్యాధి శిక్షయే యైనచో చికిత్స ఆ శిక్షకు అడ్డుపడుట కావలెను గదా? ఆ శ్లోకము అట్లు భావింపలేదు. చికిత్స చేయించుకొనుటయే ఆ ఋణము తీర్చుకొనుటలో మొదటి మెట్టుగా భావించినది.

శిక్ష యను భావమునకు మా జిల్లాలో అత్యధికముగ బలియైనవారు కుష్ఠురోగులు. జనులు దాని పేరైనను పలుకక "పెద్దరోగము" అందురు. 1907లో స్కాట్లండు నుండి భర్త జార్జి కెర్‌తో కూడ ఈ దేశమునకు వచ్చిన ఇసబెల్ కెర్ అను వైద్యురాలు నిజామాబాదున ఈ రోగుల దుఃస్థితిని చూచి చలించి, వారికొఱకు చిన్న శరణాలయము నొకదానిని నెలకొల్పెను. పిమ్మట రాజా నర్సాగౌడ్ ఇచ్చిన పెద్ద విరాళముతో 1915లో, హైదరాబాదు పోవు త్రోవలోనున్న డిచ్‌పల్లిలో, విక్టోరియా కుష్ఠు చికిత్సాలయము వెలసినది. ముసల్మాను ప్రభువు రాజ్యమున, హిందువు ధనముతో, క్రైస్తవ వైద్యురాలు కట్టిన ఆ చికిత్సాలయమును తలచినప్పుడెల్ల నాకు యోహాను సువార్తలోని ఒక ఘట్టము స్ఫురించును. పుట్టు గ్రుడ్డివానిని చూపి శిష్యులు, ఇది వీని పాపమా, వీని తలిదండ్రుల పాపమా యని యేసును అడుగుదురు. రెండును కావని ఆయన చెప్పి, అంతటితో నిలువక, వాని కన్నులు తెఱచును. ప్రశ్నను త్రోసివేయుటయు, చేయి చాచుటయు అక్కడ ఒకే క్రియగా నున్నవి. ఆ వైద్యురాలు ఆ ఘట్టమును ఎన్నిమార్లు చదివికొనెనో గాని, డిచ్‌పల్లిలో ఆమె చేసినది అదియే.

ఆమె వాడిన మందు గుఱించి ఒక మాట చెప్పక తప్పదు. అది చాల్ముగ్ర తైలము. ఆ తైలమిచ్చు చెట్టునకు చుట్టమైనదానిని మన సుశ్రుతుడు తువరకమని పేర్కొని, పడమటి సముద్రతీరమున పెరుగునని చెప్పి, దాని గింజల నూనెను కుష్ఠమునకు విధించినాడు. మ్రింగినచో కడుపులో త్రిప్పు ఆ నూనెను కలకత్తాలో రోజర్సు, మ్యూర్ అను వైద్యులు సూదిమందుగా మలచగా, అది డిచ్‌పల్లి రోగుల దేహములకు అందినది. ఇంకను చిత్రమేమనగా, సుశ్రుతుడు తువరకమును వర్ణించినది కుష్ఠాధ్యాయమున కాదు, మధుమేహ చికిత్సాధ్యాయమున. రెండు రోగములను ఆయన ఒక్క చోట తలచెను. అది కేవలము యాదృచ్ఛికమే కావచ్చును. ఐనను మా పెద్దబాపు పాదమును చూచిన తరువాత ఆ సామీప్యము నన్ను ఊరకుండనీయలేదు.

ఏలయన ఈ రెండింటిలోను అవయవములకు నొప్పి తెలియకుండుట పెద్ద కీడు. నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లో కనుగొన్న కుష్ఠు సూక్ష్మజీవి దేహములో చల్లగా నుండు చోటుల నాడులను ఆశ్రయించి వానిని చెఱచును. వ్రేళ్లు తమంతట కుళ్లి రాలిపోవుననునది లోకుల అపోహ. వేడి గిన్నెను పట్టుకొన్న చేయి కాలుట తెలియక, ముల్లు నాటిన కాలు ఆగుట యెఱుగక, గాయము మీద గాయము పడి అవయవము నశించును. వెల్లూరులో 1940ల చివర నుండి రోగుల చేతులను సరిచేసిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ ఈ సత్యమును గట్టిగా నిరూపించి, అనంతరము అమెరికాకు పోయి, ఇదే జ్ఞానమును మధుమేహుల పాదములకు అన్వయించెను. నెత్తురులో చక్కెర యేండ్ల తరబడి మితిమీరియుండినచో అదియు పాదముల నాడులను అట్లే మొద్దుబార్చును. నొప్పిని మనము శాపమనుకొందుము. అది మన యింటి కావలికుక్క. అది మొఱగుట మానిననాడే భయపడవలసినది.

ఆ కుష్ఠమునకు నేడు డాప్సోను, రిఫాంపిసిను, క్లోఫజిమిను అను మందులను కలిపి, రోగపు తీవ్రతను బట్టి ఆరు నెలలో పండ్రెండు నెలలో వాడినచో నయమగును. వాడనారంభించిన కొలది దినములకే అంటు ఆగిపోవును. మందు వచ్చిన తరువాత కూడ శిక్ష యను భావము చట్టములో మిగిలియుండెను. 1898 నాటి కుష్ఠురోగుల చట్టము 2016లో గాని రద్దు కాలేదు; కుష్ఠమును విడాకులకు హేతువుగా చూపు నిబంధన 2019 దాక నిలిచినది. నయమగు రోగము గల మనిషిని ఆలియు, మగడును విడువవచ్చునని శాసనమే చెప్పుచుండెను! దీనిని తలచుకొన్నప్పుడు నాకు కలుగు దుఃఖమింతింత కాదు.

కర్మసిద్ధాంతమును నేను త్రోసివేయుచున్నానని చదువరులు తలపవలదు. దానిని మన పూర్వులు ఎట్లు గ్రహించిరో అట్లు గ్రహింపుమనియే నా విన్నపము. బుద్ధుని నాటి అశ్మకజనపదపు రాజధానియైన పోదనము నేటి బోధనే యని పలువురు చరిత్రకారుల మతము. ఆ బుద్ధునే శివకుడను పరివ్రాజకుడు, మనుష్యుడు అనుభవించు సుఖదుఃఖములన్నియు పూర్వకృతములేనా యని అడిగినప్పుడు, ఆయన పిత్తము, శ్లేష్మము, వాతము, వాని కలయిక, ఋతువుల మార్పు, అజాగ్రత్త, పరుల వలని ఆపద అని లెక్కించి, కర్మవిపాకమును ఎనిమిదవదిగా చెప్పెను. చరకుడు తన సంహితలోని విమానస్థానమున ఇంకను ముందుకు పోయినాడు. ఆయుస్సు నియతమా యని శిష్యుడైన అగ్నివేశుడు అడుగగా గురువైన ఆత్రేయుడు, అంతయు నియతమే యైనచో మదపుటేనుగు నుండి తొలగిపోవువాడెవడు, ఔషధము వెదకువాడెవడు అని ఎదురు ప్రశ్నించి, ఆయుస్సు దైవ పురుషకారముల రెండింటిపై నిలిచియున్నదనియు, దైవమనగా పూర్వదేహమున చేసిన కర్మ, పురుషకారమనగా ఈ దేహమున చేయుచున్న కర్మ యనియు వివరించి, ఒక ఉపమానము చెప్పెను.

అది బండి యిరుసు. మంచి కఱ్ఱతో చేసిన యిరుసు తన కాలము తాను అరిగి అరిగి చివరకు విరుగును. అదియే మితిమీరిన బరువు వేసినను, ఎగుడుదిగుడు బాటను తోలినను, ఎడ్లది గాని తోలువానిది గాని తప్పున్నను, శీల ఊడినను, కందెన లేకున్నను, నడిత్రోవలోనే విరుగును. మనుష్యుని ఆయుస్సును అట్టిదే యని ఆత్రేయుని మాట.

దీనిని నేను పెద్దబాపునకు చెప్పితిని. ఆయన చాలసేపు పలుకలేదు. పిదప, "గాయనెవరో గాని బండి తోలినోడే" అనెను. తక్కిన శాస్త్రమంతయు వినిపించుటకు నాకు ఆ యొక్క మాట చాలినది. షుగరు తీపి తిన్నందులకు వచ్చిన దండన కాదనియు, క్లోమగ్రంథి నుండి ఊరు ఇన్సులిను అను రసము చాలకయో, దాని మాటను కండలు వినకయో చక్కెర నెత్తురులోనే నిలిచిపోవుననియు, వంశమును, బొజ్జయు, కదలక కూర్చుండుటయు దానికి తోడుపడుననియు చెప్పితిని. ఆయన వేసికొను మెట్‌ఫార్మిను గోలి కాలేయము విడుచు చక్కెరకు పగ్గము వేయుననియు, బాగున్నదనిపించినప్పుడు మానుట పల్లమున పగ్గము వదలుట వంటిదనియు, మూడు నెలల సగటును తెలుపు నెత్తురు పరీక్ష తేలికగా అబద్ధమాడదనియు చెప్పితిని. 1921లో టొరాంటోలో కనుగొనిన ఇన్సులినును 1922 జనవరిలో పదునాలుగేండ్ల బాలునకు ఇచ్చి బ్రదికించిన కథను చెప్పగా, సూదికి భయపడనక్కఱలేదని ఆయనే తేల్చెను. సుశ్రుతుడు బీద ప్రమేహికి విధించిన చికిత్స నూరామడలు నడచుటయో, నూయి త్రవ్వుటయో యని చెప్పినప్పుడు నవ్వి, "మేం గదే జేసినం గద" అనెను. ఆ విధిలో చెప్పులు లేక నడువుమన్న భాగమును మాత్రము నేను దాచితిని. స్పర్శ పోయిన పాదమునకు అది విషము.

ఇతరుని రోగమున కర్మను చూచుట కర్మసిద్ధాంతమునకు ద్రోహమని నా దృఢవిశ్వాసము. నా కర్మను నేను విచారించుకొనవచ్చును. ఎదుటివాని విషయమున నాకు మిగిలినది పురుషకారమే. రోగమేమో, అది లోపల ఏమి చేయుచున్నదో, మందు దానిని ఎట్లు అడ్డగించునో రోగి భాషలో చెప్పుట కూడ ఆ పురుషకారములో చేరినదే. పదియేండ్లు ఎవరును చెప్పకపోవుట చేతనే గదా ఆ మేకు అంత లోతు దిగినది.

గాయము మానుటకు మూడు నెలలు పట్టినది. చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది మొదలు శక్కర్‌నగర్ వైపు పోవుటకే ఇష్టపడని పెద్దబాపు ఇప్పుడు మెత్తని అట్టగల చెప్పులు తొడిగికొని, ప్రొద్దుననే ఆ వీథులలో నడచి వచ్చును. తొడుగుటకు ముందు చెప్పును బోర్లించి తట్టి, లోపల చేయి పెట్టి తడవి చూచుకొనును. రాత్రి పండుకొనబోవుటకు ముందు కోడలి అద్దమును నేలపై పెట్టి అందులో అరికాలు చూచికొని, వ్రేళ్ల సందులు విడిచి, మడమలకు కొబ్బరినూనె రాచుకొనును. మొన్న నేను పోయినప్పుడు ఆ పనిలోనే యుండెను.

"ఏం జేస్తున్నవ్ పెద్దబాపూ?" అంటిని.

తల యెత్తకయే, "కందెన పెడ్తున్న బిడ్డా" అని, రెండవ కాలిని ముందుకు చాపెను.